సింపైలో బగ్ దొరికితే మీరే సరిచేసి పంపడం ఎలా

"అన్నా, సింపై తప్పు లెక్క చెప్తోంది. సరిచేసి పంపాలంటే ఏం చెయ్యాలి?"

నెల్లూరులో నా దగ్గర లెక్కలు, పైథాన్ నేర్చుకునే పిల్లల్లో నెలకొకరైనా ఈ మాట అడుగుతారు. కావలి నుంచి, ఒంగోలు నుంచి ఫోన్లు వస్తాయి. ఈమధ్య పొదిలి నుంచి ఒక డిగ్రీ అమ్మాయి కూడా అడిగింది. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పీ చెప్పీ విసుగొచ్చి అంతా ఒకచోట రాసి పెడుతున్నాను. ఇకమీదట ఎవరడిగినా ఇదే పంపుతా.

సింపై గురించి రెండే ముక్కలు. అంకెలతో కాకుండా ఎక్స్, వై లాంటి అక్షరాలతోనే లెక్క చేసే పైథాన్ లైబ్రరీ అది. డిఫరెన్సియేషన్, ఇంటిగ్రేషన్, సమీకరణాలు అన్నీ కాగితం మీద చేసినట్టే చేస్తుంది. 2005లో ఒండ్రెజ్ చెర్టిక్ మొదలుపెట్టారు, 2011లో ఆరన్ మ్యూరర్ పగ్గాలు తీసుకున్నారు. బీఎస్‌డీ లైసెన్స్ కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇలాంటి పనే చేసే మాక్సిమా కూడా మంచిదే, కానీ దాన్ని సరిచెయ్యాలంటే లిస్ప్ భాష రావాలి. సింపై మొత్తం పైథాన్‌లోనే ఉంది. ఫైలు తెరిచి ఒక లైను మార్చి సేవ్ చేసి మళ్ళీ రన్ చేస్తే మార్పు కనబడుతుంది, కంపైల్ చేసే గొడవే లేదు. మొదటిసారి దిగేవాళ్ళకు నేను దీన్నే చెప్పడానికి కారణం అదే.

ఒక మాట. కింద కమాండ్లన్నీ నోటితో పలికినట్టు తెలుగులోనే రాశాను. మీరు టైప్ చేసేది మాత్రం ఇంగ్లీషులో. కాపీ, పేస్ట్ కుదరదని తిట్టుకోకండి. మొదటిసారి చేత్తో టైప్ చేస్తేనే ఏ కమాండ్ ఏం చేస్తుందో బుర్రకెక్కుతుంది.

కావలసినవి

- లాప్‌టాప్. 4 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తుంది, ఖరీదైనది అక్కర్లేదు.
- కొత్త వెర్షన్ పైథాన్, గిట్ (కోడ్‌లో చేసిన ప్రతి మార్పు చరిత్రనూ దాచే టూల్), ఏదో ఒక కోడ్ ఎడిటర్.
- గిట్‌హబ్ అకౌంట్. సింపై కోడ్ ఉండే సైటు అదే.
- ఇంటర్మీడియెట్ మ్యాథ్స్ గట్టిగా రావాలి. కాంప్లెక్స్ నంబర్ల చాప్టర్ చాయిస్‌లో వదిలేసినవాళ్ళు ముందు అది చదువుకుని రండి. వెటకారం కాదు, ఎందుకో ఆరో మెట్టులో తెలుస్తుంది.
- పెన్ను, కాగితం.
- ఒక వారం సాయంత్రాలు. మొదటి ఫిక్స్ గంటలో అయిపోతుందనుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

1. కోడ్ దించుకోవడం

గిట్‌హబ్‌లో సింపై పేజీకి వెళ్ళి ఫోర్క్ బటన్ నొక్కండి. మీ అకౌంట్‌లో ఒక కాపీ వస్తుంది. దాన్ని గిట్ క్లోన్‌తో లాప్‌టాప్‌లోకి దించాలి.

ఇక్కడే సగంమంది ఆగిపోతారు. ఇది పాత ప్రాజెక్టు, చరిత్ర చాలా ఉంటుంది. ఫోన్ హాట్‌స్పాట్ మీద మామూలుగా క్లోన్ కొడితే డేటా అయిపోతుంది, లేదంటే మధ్యలో తెగి మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని గిట్ క్లోన్ తర్వాత రెండు మైనస్‌లు పెట్టి ఫిల్టర్, ఈక్వల్స్, బ్లాబ్, కోలన్, నన్ అని రాసి, ఆ తర్వాత మీ ఫోర్క్ అడ్రసు ఇవ్వండి. అప్పుడు పాత ఫైళ్ళ సరుకంతా రాదు, ఎప్పుడు ఏది కావాలో అప్పుడు అది దిగుతుంది. కొందరు డెప్త్ 1 అని పెట్టమంటారు. అదింకా తేలికే గానీ చరిత్ర మొత్తం కత్తిరించేస్తుంది, నాలుగో మెట్టులో చెప్పే బైసెక్ట్ అప్పుడు పనిచెయ్యదు.

తర్వాత ఫోల్డర్‌లోకి వెళ్ళి వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ ఒకటి చేసుకోండి. అందులో పిప్ ఇన్‌స్టాల్, మైనస్ ఈ, ఒక చుక్క. ఆ చుక్క మరిచిపోవద్దు, 'ఈ ఫోల్డరే' అని దానర్థం. సింపైకి కావలసిన ఎమ్‌పీమ్యాథ్ లైబ్రరీ దానంతటదే వస్తుంది. టెస్టుల కోసం పైటెస్ట్, హైపోథెసిస్ విడిగా వేసుకోండి. తర్వాత కొత్త మార్పులు తెచ్చుకోవడానికి అసలు ప్రాజెక్టును అప్‌స్ట్రీమ్ అనే పేరుతో రిమోట్‌గా కలుపుకోండి.

సరిగ్గా కుదిరిందో లేదో చూసుకోవడం: పైథాన్ తెరిచి సింపైని ఇంపోర్ట్ చేసి, సింపై చుక్క ఫైల్ అని ప్రింట్ చేయించండి. ఫైల్ అన్న మాటకు అటు రెండు ఇటు రెండు అండర్‌స్కోర్లు ఉంటాయి. వచ్చిన దారి మీరు దించుకున్న ఫోల్డర్‌దే అయుండాలి. సైట్ ప్యాకేజెస్ అని కనబడితే ఎప్పుడో పిప్‌తో వేసుకున్న పాత సింపై నడుస్తోందన్నమాట. వేదాయపాళెంలో అద్దె గదిలో ఉన్న రోజుల్లో నేను ఒక సాయంత్రమంతా ఇలాగే పోగొట్టుకున్నాను. కోడ్ మారుస్తాను, ఫలితం మారదు. ఇంకోలా మారుస్తాను, అదీ మారదు. చివరికి ఫైలు మొదట్లో కావాలని ఒక సింటాక్స్ తప్పు రాశాను. అయినా ఎర్రర్ రాలేదు. అప్పుడు వెలిగింది, నేను మార్చే ఫైలును ఎవరూ చదవడమే లేదని.

2. బగ్ ఎంచుకోవడం

మీకే ఒకటి దొరికితే సరే. లేకపోతే సింపై పేజీలో ఇష్యూల (అంటే అందరూ రాసిన ఫిర్యాదుల) జాబితాలో 'ఈజీ టు ఫిక్స్' అన్న లేబుల్ చూడండి. 'రాంగ్ రిజల్ట్' అన్న లేబుల్ ఇంకోటి ఉంటుంది. అవి విలువైనవి, కష్టమైనవి కూడా. ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే ప్రోగ్రాం నయం, చూసేవాడికి తెలుస్తుంది. నిమ్మకు నీరెత్తినట్టు తప్పు జవాబిచ్చేది ప్రమాదం.

ఎంచుకునే ముందు మూడు పనులు చెయ్యండి.

ఇష్యూ కింద ఇప్పటికే ఎవరైనా పుల్ రిక్వెస్ట్ (నా మార్పు కలుపుకోండి అని పంపే అభ్యర్థన) పంపారేమో చూడండి. పంపి ఉండి, పని నడుస్తుంటే వదిలెయ్యండి.

ఇష్యూలో ఇచ్చిన కోడ్‌ను మీ దగ్గరున్న తాజా మాస్టర్ బ్రాంచ్‌లో, అంటే ప్రాజెక్టు అసలు కోడ్‌లో, రన్ చెయ్యండి. ఏళ్ళ కిందటి ఇష్యూల్లో కొన్ని ఇంకేదో మార్చినప్పుడు వాటంతటవే బాగైపోయి ఉంటాయి. అలాంటిది దొరికితే నిరాశపడకండి. ఆ లెక్క మళ్ళీ చెడకుండా ఒక టెస్టు రాసి పంపినా అది పనికొచ్చే పనే. మొదటి పుల్ రిక్వెస్ట్‌కు ఇంతకంటే తేలికైన దారి లేదు.

'ప్లీజ్ అసైన్ మీ' అని కామెంట్ పెట్టకండి. మనవాళ్ళకు ఈ అలవాటు ఎక్కువ. ఇది సీటు మీద కర్చీఫ్ వేసే బస్సు కాదు. అడగాల్సిన పని లేదు, నేరుగా మొదలుపెట్టొచ్చు.

3. అది నిజంగా బగ్గేనా?

నాకొచ్చే పది ఫిర్యాదుల్లో ఆరేడు ఇక్కడే తేలిపోతాయి. ఇవి బగ్‌లు కావు:

ఎక్స్ స్క్వేర్‌కు రూట్ అడిగితే ఎక్స్ రావడం లేదు. రాకూడదు. మీరేమీ చెప్పకపోతే సింపై దృష్టిలో ఎక్స్ ఏ కాంప్లెక్స్ నంబరైనా కావచ్చు. ఎక్స్ −3 అయితే జవాబు 3. సింబల్ తయారుచేసేటప్పుడే పాజిటివ్ ఈక్వల్స్ ట్రూ అని చెప్పండి, ఎక్స్ వస్తుంది. రియల్ అని మాత్రమే చెబితే మాడ్యులస్ ఎక్స్ వస్తుంది. రెండూ సరైనవే.

1 బై ఎక్స్‌ను ఇంటిగ్రేట్ చేస్తే లాగ్ ఎక్స్ వచ్చింది, మాడ్యులస్ లేదు. దీనికీ కారణం అదే.

మా సార్ చెప్పిన జవాబు వేరు, సింపై జవాబు వేరు. సైన్ ఎక్స్ కాస్ ఎక్స్‌ను ఇంటిగ్రేట్ చేస్తే సైన్ స్క్వేర్ బై 2 అని ఒకరు రాస్తారు, మైనస్ కాస్ స్క్వేర్ బై 2 అని ఇంకొకరు రాస్తారు. రెండింటికీ తేడా అర. స్థిరాంకం మాత్రమే తేడా కాబట్టి ఇద్దరూ రైటే.

రెండు సమాన గుర్తులు పెడితే ఫాల్స్ వచ్చింది. ఎక్స్ ప్లస్ 1 హోల్ స్క్వేర్, దాని విస్తరణ, ఈ రెండింటినీ అలా పోలిస్తే ఫాల్సే వస్తుంది. రెండు సమాన గుర్తులు చూసేది రూపాన్ని, విలువను కాదు. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేసి సింప్లిఫై చేసి సున్నా వస్తుందో లేదో చూడండి.

1 బై 2 అని రాస్తే 0.5 అయిపోయింది. అది పైథాన్ పని. సింపై చేతికి వచ్చేలోపే భాగహారం అయిపోయింది. రేషనల్ వాడండి.

ఇవేవీ కాకపోతే ముందుకు రండి.

4. తప్పును చిన్నది చేసి, ఎక్కడుందో పట్టుకోవడం

ప్రాజెక్ట్ వర్క్‌లో అరపేజీ సమీకరణం ఇచ్చి తప్పొచ్చిందంటే ఎవరూ చూడరు, మీరూ పట్టలేరు. ఒక పదం తీసెయ్యండి. తప్పు ఇంకా వస్తోందా? ఇంకోటి తీసెయ్యండి. కోఎఫిషియెంట్లన్నీ 1 చెయ్యండి. తీసేస్తే తప్పు మాయమయ్యే ముక్కలే చివరికి మిగలాలి. సాధారణంగా ఒక్క లైనుకు వస్తుంది.

ఎర్రర్ వచ్చే బగ్ అయితే ట్రేస్‌బ్యాక్‌ను కింద నుంచి పైకి చదవండి. తప్పు జవాబొచ్చే బగ్‌కు ట్రేస్‌బ్యాక్ ఉండదు, అక్కడే కష్టం. ఇంటిగ్రేషన్ విషయంలో ఒక ఉపాయం ఉంది. ఇంటిగ్రేట్ లోపల నాలుగైదు పద్ధతులు వరసగా ప్రయత్నిస్తుంది. మాన్యువల్, రిష్, హ్యూరిష్, మైజర్‌జీ అనే ఆప్షన్లలో ఒక్కోసారి ఒక్కోదానికే ట్రూ ఇచ్చి చూడండి. ఏ పద్ధతి తప్పు చెబుతోందో తేలిపోతుంది, ఇక వెతకాల్సింది ఆ ఫైల్లోనే. మిగతా చోట్ల బ్రేక్‌పాయింట్ పెట్టి లైను లైనుగా నడవడమే.

ఒక్కోసారి వింతగా ఉంటుంది: మొదటిసారి సరైన జవాబు, రెండోసారి తప్పు. సింపై ఒకసారి చేసిన లెక్కను కాష్‌లో దాచుకుని మళ్ళీ అదే అడిగితే పాతది ఇచ్చేస్తుంది. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా సింపై యూజ్ కాష్ ఈక్వల్స్ నో అని పెట్టి రన్ చెయ్యండి, మాటల మధ్య అండర్‌స్కోర్లు, వేరియబుల్ పేరంతా పెద్ద అక్షరాలు. నెమ్మదిగా నడుస్తుంది గానీ కాష్ గోల ఉండదు.

'పోయిన వెర్షన్‌లో బాగానే ఉండేది' అంటారా, అయితే గిట్ బైసెక్ట్ వాడండి. పొదిలి దగ్గర మా మేనమామ వాళ్ళ ఊళ్ళో కరెంటు లైను ఎక్కడో తెగితే లైన్‌మన్ స్తంభం స్తంభం ఎక్కడు. మధ్యలో స్విచ్ దించి, ఇటు సగం బాగుందంటే అటు సగంలో వెతుకుతాడు. మళ్ళీ అందులో సగం. బైసెక్ట్ చేసేదీ అంతే. ఫలానా కమిట్ (గిట్‌లో దాచిన ఒక్కో మార్పు) మంచిది, ఫలానాది చెడ్డది అని చెబితే మధ్యది తెచ్చి ఇస్తుంది. వెయ్యి కమిట్లున్నా పదిసార్లు చూస్తే దొరికిపోతుంది.

5. ముందు టెస్టు, తర్వాత ఫిక్స్

దీన్ని తిరగేసి చేసేవాళ్ళే ఎక్కువ. కోడ్ మార్చేసి, చివర్లో మొక్కుబడిగా టెస్టు రాస్తారు. అది ఎలా రాసినా పాసవుతుంది. అసలు అది బగ్‌ను పట్టుకుంటుందో లేదో ఎప్పటికీ తెలియదు.

మీరు మార్చబోయే ఫైలు పక్కనే టెస్ట్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో సంబంధించిన ఫైలు తెరిచి చివర్లో టెస్ట్ ఇష్యూ, ఆ ఇష్యూ నంబరు పేరుతో ఒక ఫంక్షన్ రాయండి. లోపల ఒక అసర్ట్: ఈ లెక్కకు ఈ జవాబు రావాలి. రన్ చెయ్యండి. ఎర్రగా ఫెయిల్ అయినట్టు కళ్ళతో చూశాకే కోడ్ జోలికి వెళ్ళండి.

6. ఫిక్స్ రాయడం: ట్రూ, ఫాల్స్, తెలియదు

ఇక్కడ తీరిగ్గా ఆగుదాం. ఇది పట్టుబడితే సింపై సగం పట్టుబడినట్టే.

నేను పిల్లలకు అభ్యాసం కోసం ఒక చిన్న ఫంక్షన్ ఇస్తాను. ఇది సింపైలో ఉన్నది కాదు, నేను కావాలని తప్పుగా రాసింది. దాని పని √ఏ, √బీ రెండూ పక్కపక్కన ఉంటే కలిపి √(ఏబీ) చెయ్యడం. అయితే ఏ, బీ రెండూ −1 అయితే కలపకూడదు. విడిగా చేస్తే ఐ ఇంటూ ఐ, అంటే −1. కలిపితే √1, అంటే 1. అందుకని లోపల ఒక షరతు పెట్టాను: ఏ నెగెటివ్ అయితే అలాగే వదిలెయ్యి, కాకపోతే కలిపెయ్యి. సింపై భాషలో ఏ చుక్క ఈజ్ నెగెటివ్, మధ్యలో అండర్‌స్కోర్.

చూడ్డానికి బాగానే ఉంది కదా? −1, −1 ఇచ్చి చూస్తే వదిలేస్తుంది. 4, 9 ఇస్తే కలిపి 6 చెబుతుంది. టెస్టులు పాస్. ఇక్కడిదాకా వచ్చి 'అయిపోయిందన్నా' అంటారు.

ఇప్పుడు అంకెలు కాకుండా మామూలు సింబల్స్ ఏ, బీ ఇవ్వండి. కలిపేస్తుంది! ఆ వచ్చిన √(ఏబీ)లో రెండుచోట్లా −1 పెట్టండి. 1 వస్తుంది. తప్పు.

ఎందుకంటే 'ఏ నెగెటివా?' అని అడిగితే సింపై మూడు రకాలుగా జవాబు చెప్పగలదు. ట్రూ అంటే అవును. ఫాల్స్ అంటే కాదు. నన్ అంటే నాకు తెలియదు. ఏమీ చెప్పని సింబల్‌కు వచ్చేది నన్. పైథాన్ ఇఫ్ ముందు నన్ కూడా ఫాల్స్ లాగే ప్రవర్తిస్తుంది. 'తెలియదు' అన్నదాన్ని మన కోడ్ 'కాదు' అని రాసేసుకుంది. మౌనం అర్ధాంగీకారం అన్న సామెత పెళ్ళిచూపుల్లో పనికొస్తుందేమో గానీ ఇక్కడ కొంప ముంచుతుంది.

సరే, ఈజ్ నెగెటివ్ ఖచ్చితంగా ఫాల్స్ అయితేనే కలుపుదాం అని ఒకబ్బాయి మార్చాడు. తెలివైన మార్పే, నన్ బెడద తీరింది. కానీ ఏ, బీ రెండూ −1 + ఐ అని పెట్టండి. అది నెగెటివ్ కాదు, ఎందుకంటే అసలు రియల్ నంబరే కాదు. ఫాల్స్ వస్తుంది, కోడ్ కలిపేస్తుంది. విడిగా చేస్తే −1 + ఐ రావాలి. కలిపితే (−1 + ఐ) హోల్ స్క్వేర్, అంటే −2ఐ. దాని రూట్ 1 − ఐ. గుర్తు తిరగబడింది. కాంప్లెక్స్ నంబర్ల చాప్టర్ చదివి రమ్మన్నది ఇందుకే.

సరైన ప్రశ్న 'నెగెటివ్ కాదా?' అని కాదు. 'సున్నా గానీ, అంతకంటే ఎక్కువ గానీ అని ఖచ్చితంగా తెలుసా?' అని. అంటే ఈజ్ నాన్‌నెగెటివ్. ఏకు అది ట్రూ అయినా, బీకి ట్రూ అయినా కలపొచ్చు, ఒక్కరు చాలు. రెండింట్లో ఏ ఒక్కదానికీ ట్రూ రాకపోతే ముట్టుకోకుండా తిరిగి ఇచ్చెయ్యి. తెలియనప్పుడు ఏమీ చెయ్యకపోవడమే సురక్షితం.

కాబట్టి సింపై కోడ్‌లో నాట్, ఆ వెంటనే ఏదో ఒక పేరు, చుక్క, ఈజ్ ఫలానా అని కనబడితే ఒక్క క్షణం ఆగండి. అక్కడ నన్ వస్తే ఏమవుతుందని అడగండి. నేనే గమనించకుండా రాసిన సందర్భాలు బోలెడు.

ఫిక్స్ రాసేటప్పుడు ఇంకొన్ని జాగ్రత్తలు:

- ఇష్యూలో ఇచ్చిన ఒక్క ఉదాహరణకే పనిచేసేలా ఇఫ్ పెట్టకండి. అది పంక్చర్ వదిలేసి గాలి కొట్టుకోవడం.
- కోర్ ఫోల్డర్ లోపల సింప్లిఫై పిలవకండి. ప్రతి చిన్న కూడికకూ అది నడిచి మొత్తం నెమ్మదిస్తుంది.
- ట్రై పెట్టి అన్ని రకాల ఎర్రర్లనూ మింగేసే ఎక్సెప్ట్ రాయకండి.
- మీ మార్పుతో పాత టెస్టు ఫెయిలైతే, ఆ టెస్టులో జవాబు మార్చేసి పాస్ చేయించకండి. ముందు కాగితం మీద చేసి ఏది రైటో తేల్చుకోండి. పాత జవాబే తప్పయిన సందర్భాలూ ఉంటాయి, అప్పుడు మాత్రం కారణం రాసి మార్చండి.
- పనిలో పనిగా ఫైలంతా అందంగా సర్దకండి. మూడు లైన్ల ఫిక్స్ మూడొందల లైన్ల తేడాగా కనబడితే రివ్యూ చేసేవాళ్ళకు ఒళ్ళు మండుతుంది.

7. సరిగ్గా వచ్చిందని ఎలా తెలుస్తుంది?

ఇంటిగ్రేషన్ జవాబైతే దాన్ని డిఫరెన్సియేట్ చేసి అసలు ఫంక్షన్‌లోంచి తీసెయ్యండి. సున్నా రావాలి. సింప్లిఫై సున్నా చెయ్యలేకపోతే అంకెలు పెట్టి చూడండి.

ఏ అంకెలు పెట్టాలన్నదీ ముఖ్యమే. అందరూ 0, 1 పెడతారు. ఆ రెండింటి దగ్గర ఎక్స్, ఎక్స్ స్క్వేర్, ఎక్స్ క్యూబ్ అన్నీ ఒకటే, తప్పు దాక్కుంటుంది. 0.37 పెట్టండి, −2.3 పెట్టండి, 1.1 + 0.6ఐ పెట్టండి, −1.4 − 0.8ఐ కూడా. రూట్లు, లాగ్‌లు ఉన్నచోట నెగెటివ్ వైపు, ఇమాజినరీ భాగం నెగెటివ్ అయ్యే వైపు చూడకుండా వదిలారంటే చూడనట్టే. డెఫినిట్ ఇంటిగ్రల్ అయితే అదే ఇంటిగ్రల్‌ను న్యూమరికల్‌గా చేయించి పోల్చండి.

తర్వాత ఈ వరసలో రన్ చెయ్యండి:

ముందు మీరు రాసిన ఒక్క టెస్టు. ఇందాక ఫెయిలైంది ఇప్పుడు పాసవ్వాలి. తర్వాత ఆ ఫోల్డర్ టెస్టులన్నీ, పైటెస్ట్‌తో. తర్వాత బిన్ ఫోల్డర్‌లో డాక్‌టెస్ట్ అనే స్క్రిప్ట్, ఇది డాక్యుమెంటేషన్‌లో ఉన్న ఉదాహరణలను సరిచూస్తుంది. విండోస్‌లో స్క్రిప్ట్ పేరు ముందు పైథాన్ అని పెట్టాలి. చివరగా బిన్‌లోనే ఉన్న టెస్ట్ స్క్రిప్ట్‌కు కోడ్ క్వాలిటీ అని ఇవ్వండి. లైను చివర అనవసరపు ఖాళీలుంటే ఇది పట్టేస్తుంది. ఇంత చిన్నదానికా అనిపిస్తుంది గానీ, మొదటి పుల్ రిక్వెస్ట్‌లు ఎక్కువగా ఎర్రబడేది వీటితోనే.

సింపై టెస్టులన్నీ మీ లాప్‌టాప్‌లో నడపాలని చూడకండి, చాలాసేపు పడుతుంది. పంపాక గిట్‌హబ్ సర్వర్లే నడుపుతాయి.

ఒకసారి పాస్, ఇంకోసారి ఫెయిల్ అవుతోందా? పైథాన్‌లో సెట్ లోపల వరస ప్రతి రన్‌కూ మారొచ్చు. మీ కోడ్ ఆ వరస మీద ఆధారపడుతోందన్నమాట. పైథాన్‌హ్యాష్‌సీడ్ అనే వేరియబుల్‌కు 0, 1, 2 అలా విలువలిస్తూ రన్ చేస్తే ఏ విలువ దగ్గర తప్పుతోందో దొరుకుతుంది. అదే విలువతో ఎన్నిసార్లు నడిపినా అదే వరస వస్తుంది కాబట్టి తీరిగ్గా వెతుక్కోవచ్చు.

8. పంపడం

మాస్టర్ బ్రాంచ్ మీద పని చెయ్యకండి, మొదట్లోనే విడిగా ఒక బ్రాంచ్ తీసి ఉండాల్సింది. తియ్యకపోతే ఇప్పుడైనా తియ్యండి, మార్పులు కూడా వస్తాయి.

రాత్రి పన్నెండుకు పూర్తయిందని వెంటనే పంపెయ్యకండి. చేపల పులుసు మర్నాడు తింటేనే రుచని నెల్లూరోళ్ళకు చెప్పక్కర్లేదు. మీరు ఏయే లైన్లు మార్చారో చూపించే గిట్ డిఫ్ కూడా మర్నాడు పొద్దున చదవాలి. మరిచిపోయిన ప్రింట్‌లు, సగం రాసిన కామెంట్లు అప్పుడే కనబడతాయి.

కమిట్ మెసేజ్ మొదటి లైను చిన్నగా ఉండాలి, ఏం మార్చారో చెప్పాలి. 'ఫిక్స్‌డ్ బగ్' అంటే ఏమీ చెప్పనట్టే. గిట్‌లో మీ పేరు, ఈమెయిల్ ముందే సెట్ చేసుకోండి. మొదటిసారి పంపేవాళ్ళు చుక్క మెయిల్‌మ్యాప్ అనే ఫైల్లో తమ పేరు, ఈమెయిల్‌తో ఒక లైను చేర్చాలి. లేకపోతే ఒక చెక్ ఫెయిలవుతుంది. కోడ్‌లో ఏ తప్పూ లేకుండానే ఎర్రగా వచ్చిందని కంగారుపడి ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమందిది ఇదే కేసు.

పుల్ రిక్వెస్ట్ తెరవగానే ఒక నమూనా కనబడుతుంది. దాన్ని చెరిపెయ్యకండి, నింపండి. ఇష్యూ నంబరు ముందు 'ఫిక్సెస్' అన్న మాట పెడితే, మెర్జ్ కాగానే (మీ మార్పు అసలు కోడ్‌లో కలవగానే) ఆ ఇష్యూ దానంతటదే మూసుకుంటుంది. కింద రిలీజ్ నోట్స్ భాగం ఉంటుంది. బిగిన్, ఎండ్ అన్న రెండు లైన్ల మధ్యలో మాడ్యూల్ పేరు, దాని కింద మీ మార్పు ఒక్క వాక్యంలో రాయండి. వాడేవాళ్ళకు తెలియాల్సినంత మార్పు కాకపోతే 'నో ఎంట్రీ' అనండి. సరిగ్గా రాయకపోతే సింపై బాట్ వెంటనే చెబుతుంది, దానిమీద కోపం పెట్టుకోవద్దు.

ఏఐతో కోడ్ రాయించుకున్నారా? దాచకుండా చెప్పండి. అంతకంటే ముఖ్యం, ప్రతి లైనూ ఎందుకుందో మీరు చెప్పగలగాలి. పైన చెప్పిన రూట్ల ఉదాహరణలో నాట్ ఈజ్ నెగెటివ్ అని రాసిచ్చే టూల్ తప్పు చేసిందని పట్టాల్సింది మీరే.

9. పంపాక

మొదటిసారి పంపేవాళ్ళకు, ప్రాజెక్టువాళ్ళు అనుమతి ఇచ్చేదాకా గిట్‌హబ్ టెస్టులు మొదలవకపోవచ్చు. ఎదురుచూడండి. చూసేవాళ్ళలో చాలామంది స్వచ్ఛందంగా, సొంత సమయంలో చేస్తున్నారు. ఒక్కరోజులో జవాబు రావచ్చు, వారాలూ పట్టొచ్చు. రెండు మూడు వారాలైనా ఎవరూ పలకకపోతే మర్యాదగా ఒక్క కామెంట్ పెట్టండి. రోజూ పెట్టకండి.

ఇంగ్లీషు రాదని భయపడేవాళ్ళకు: వాళ్ళలోనూ చాలామందికి ఇంగ్లీషు మాతృభాష కాదు. చిన్న వాక్యాలు చాలు. ఈ ఇన్‌పుట్ ఇచ్చాను, ఇది వచ్చింది, ఇది రావాలి, కారణం ఇది. నాలుగు లైన్లు.

మార్పులు చెయ్యమంటే అదే బ్రాంచ్‌లో చేసి మళ్ళీ పుష్ చెయ్యండి, పుల్ రిక్వెస్ట్ దానంతటదే మారుతుంది. పాతది మూసేసి కొత్తది తెరవకండి, అప్పటిదాకా జరిగిన చర్చ అంతా చెల్లాచెదరవుతుంది. 'ఇది ఇక్కడ కాదు, వేరే ఫైల్లో సరిచెయ్యాలి' అంటే మనసు చిన్నబుచ్చుకోకండి. నా మొదటి పుల్ రిక్వెస్ట్‌లో నేను రాసిన ఫిక్స్‌లో ఒక్క లైనూ మిగల్లేదు. టెస్టు మాత్రం రాసింది రాసినట్టే ఉంది.

గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ (ఇలాంటి ప్రాజెక్టుల్లో పని చేస్తే గూగుల్ డబ్బిచ్చే కార్యక్రమం) కోసం చేస్తున్నానని చెప్పే పిల్లలకు ఒక మాట: సింపైకి అప్లై చెయ్యాలంటే ముందు కనీసం ఒక ప్యాచ్ మెర్జ్ అయి ఉండాలని అడుగుతారు. అప్లికేషన్ గడువుకు వారం ముందు మొదలుపెడితే కుదరదు. దసరా సెలవుల్లో మొదలుపెట్టండి.

మెర్జ్ అయ్యాక మాస్టర్‌కు వచ్చి, అప్‌స్ట్రీమ్ నుంచి కొత్తది తెచ్చుకుని, పాత బ్రాంచ్ తీసెయ్యండి. తర్వాతి బగ్‌కు కొత్త బ్రాంచ్. పాత బ్రాంచ్ మీదే రెండో ఫిక్స్ మొదలుపెట్టి, రెండూ కలిసిపోయి, విడదియ్యలేక ఫోన్ చేస్తే మాత్రం నేను ఎత్తను.